క ఉన్న కాడ గ పెట్టిన

మొన్న కోరుట్లల దీక్షా శిబిరం కాడ లొల్లి అయ్యిందని మీరు విని ఉంటరు. పోలీసులు వచ్చిండ్రని ఒకరంటున్నరు, రెండు పార్టీలోళ్లు కొట్టుకున్నరని ఇంకొకరంటున్నరు. గవేం కావు. దానికి కారణం ఒక్క అక్షరం, ఒక్క ఆడమనిషి. అక్షరం గ. ఆడమనిషిని నేను!

చెప్పుకుంటే సిగ్గే. అయినా నేనే చెప్త. వేరేటోళ్లు చెప్తే కట్టెలు పట్టుకున్నరని కూడ చెప్తరు.

నాది కోరుట్లల చిన్న డీటీపీ సెంటర్. పెండ్లి కార్డులు, కరపత్రాలు టైపు చేసి ప్రింట్‌కు పంపుత. మీటల దిక్కు చూసుడు ఎన్నడో బంద్ చేసిన. కండ్లు కాయితం మీద ఉంటయి, వేళ్లు వాటి తొవ్వన అవే పోతయి. గీ పనిల నన్ను తప్పు పట్టినోళ్లు లేరు. మొన్నటిదాక.

మా బిడ్డ మౌనిక జగిత్యాలల ఇంజినీరింగ్ చదువుతున్నది. ఆ కాలేజీల పిల్లలంత కలిసి ఒక గుంపు పెట్టుకున్నరు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటరు. ఫ్రీ అంటే పైసల్లేకుంట ఊకెనే వచ్చేదేమో అనుకున్న.

"ఊకెనే అని కాదమ్మా. తాళం లేనిది. ఎవరైనా తీసుకోవచ్చు. విప్పి చూడొచ్చు. నచ్చినట్టు మార్చుకోవచ్చు. మార్చినదాన్ని పదిమందికి పంచొచ్చు."

"ఎవరినీ అడగద్దా?"

"అడగద్దు. గదే దాని గొప్పతనం."

మంచిగనే ఉన్నది అనుకున్న. నా షాపుల అప్పటిదాక నడిచింది సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ. దాని ముచ్చట ఇప్పుడెందుకు తీయి.

గా పిల్లలు తెలుగుల టైపు చేసేటందుకు ఒక కీబోర్డు తయారు చేసిండ్రు. కీబోర్డంటే ప్లాస్టిక్‌ది కాదు. ఏ మీట కొడితే ఏ అక్షరం పడాలె అని రాసి పెట్టిన ఫైలు. సిరిసిల్లల ఇంకో గుంపున్నది. వాళ్లు నేత సాంచెలు నడిపే ఇండ్ల పిల్లలు, బట్టల ఆఫీసులల టైపు కొట్టి చేయి తిరిగినోళ్లు. వాళ్లు ఇంకో కీబోర్డు చేసిండ్రు. జగిత్యాలోళ్లది ఇంగ్లిషు లెక్క. కె కొడితే క పడాలె, జి కొడితే గ పడాలె. సిరిసిల్లోళ్లది పాత టైపు మిషన్ లెక్క. రెండూ పనికొచ్చేటియే. వాడేటోళ్లే తక్కువ. ఉన్న కొద్దిమందిల సగం ఇటు, సగం అటు.

మౌనికకు గదే బాధ. ఒక తప్పు దొరికితే వీళ్లు ఈడ దిద్దుతరు, వాళ్లు గదే తప్పు ఆడ మళ్ల దిద్దుతరు. రెండు తీర్ల కష్టం, ఫలితం ఒక్కటే.

"ఒక్కటి చేస్తే అయిపోతది కదమ్మా? ఎందుకు చెయ్యరు?"

"పెండ్లి ఒక్కటే అయినా కార్డులు రెండు కొట్టిస్తరు" అన్న. "పిల్ల దిక్కోళ్లది ఒకటి, పిలగాని దిక్కోళ్లది ఒకటి. ఇద్దరు కలిసి ఒక్క కార్డు కొట్టించినోళ్లను నేను ఇంతవరకు చూడలె."

"ఎందుకు కొట్టించరు?"

"ఎవరి దేవుడు పైన ఉండాలె, ఎవరి తాత పేరు ముందు ఉండాలె. గీడనే ఆగుతది."

"కీబోర్డుకు తాతలు లేరు కదమ్మా."

"ఉంటరు చూడు" అన్న.

ఉన్నరు. జగిత్యాల గుంపుకు పెద్ద ప్రవీణ్ అని మౌనిక క్లాస్‌మేట్. సిరిసిల్ల గుంపుకు పెద్ద శ్రీధర్. ఇద్దరూ బుద్ధిమంతులే. ఎదురుగ కూసుంటే మాత్రం రెండు దిక్కుల గుంజే ఎడ్లను ఒక్క బండికి కట్టినట్టే. నా బిడ్డ ఆదివారమొస్తే బస్సెక్కి సిరిసిల్ల పోవుడు, సోమవారం జగిత్యాలల వీళ్లను బతిమాలుడు. నెలలకు నెలలు గదే పని. చివరికి ఒప్పందం కుదిరింది. హల్లులు జగిత్యాలయి, అచ్చులు సిరిసిల్లయి. పేరు 'మన మీటలు'. ఆ పేరు కాడ కూడ, మన అంటే ఎవరి మన అని ఒక పూటంత కొట్లాట.

ఇగ దాన్ని పదిమంది ముందట చూపెట్టాలె. సిరిసిల్లోళ్లు జగిత్యాలకు రామన్నరు. జగిత్యాలోళ్లు సిరిసిల్లకు పోమన్నరు. నా తల్లిగారిల్లు సిరిసిల్ల, బిడ్డ చదువు జగిత్యాల, నా బతుకు కోరుట్ల. "మౌనిక వాళ్ల అమ్మ కాడయితే ఓకే" అన్నరంట. నాకంటె న్యూట్రల్ మనిషి మూడు ఊర్లల లేదని వాళ్ల లెక్క. నా లెక్క కూడ గదే!

నా షాపుల నలుగురు నిలవడితే ఐదో మనిషి రోడ్డు మీద ఉంటడు. గప్పుడు నర్సయ్య సారు మాట సాయం చేసిండు. రిటైరైన హెడ్మాస్టరు, తెలంగాణ దీక్షా శిబిరం నడిపేది ఆయననే. రోజూ కరపత్రం నా కాడనే కొట్టిస్తడు.

"మా టెంటు కిందికి రాండ్రమ్మా. అందరు చూస్తరు. మంచిగుంటే కథలాపూర్ సంది వీర్నపల్లి దాక జేఏసీలోళ్లందరికి చెప్త. ఇగ కరపత్రాలన్నీ దాని మీదనే కొట్టుకోమంట."

మౌనిక ముఖం చూడాలె అప్పుడు. నాకు ఫోన్ల ఒక్కటే మాటన్నది.

"అమ్మా, గిది పనిచేస్తే అందరు ఒక్కటైనట్టే. చెయ్యకపోతే రెండు దిక్కులోళ్లు నన్ను నమ్మరు. నేను ఇగ దీన్ని ఇడిసిపెడుత."

నా బిడ్డ ఏదన్నా ఇడిసిపెడుత అన్నది నేను ఎన్నడు వినలె.

ఇప్పుడు నా ఘనకార్యం ఇనుండ్రి.

టెంటు కాడ చూపెట్టుడుకు పది దినాల ముందట మౌనిక వచ్చి, తయారైన కీబోర్డు నా కంప్యూటర్ల పెట్టి పోయింది. "నువ్వు కొట్టి చూడమ్మా. కష్టమనిపిస్తే చెప్పు" అన్నది. ఫైలు ఎట్ల విప్పాలె, ఏ మీటకు ఏ అక్షరం అని ఏడ రాసి ఉంటది, గది కూడ చూపెట్టింది. పిల్లకు తల్లి మీద గంత నమ్మకం.

నర్సయ్య సారు కరపత్రం వచ్చింది. సారు మన మాటల్లనే రాస్తడు. గిట్లయితే ఎట్ల, గందుకే అంటున్నం, గా పెద్దలు, గీ పిల్లలు. అన్నీ గ లే! జి మీట నడుమ ఉంటది. ఎడమ చేతి వేలును పక్కకు సాపి కొట్టాలె. ఒక పేజీ అయ్యేసరికి వేలు గుంజుడు మొదలైంది. అదే క చూస్తే, కుడి చేతి నడిమి వేలి కింద ఏం పని లేకుంట హాయిగ కూసున్నది. ల కూడ గంతే. మనకు ఊర్ల, ఇంట్ల, షాపుల, బస్సుల, అన్నిట్లల ల నే. అది పోయి ఉంగరం వేలి కింద ఉన్నది. డ వచ్చి మంచి వేలి కింద ఉన్నది. రోజుకు డ ఎన్నిసార్లు కావాలె మనకు?

గీ ఇంజినీరింగ్ పిల్లలు వారానికి ఒక పేజీ కూడ కొట్టరు. వాళ్లకేం తెలుస్తది? ఫైలు విప్పిన. క ఉన్న కాడ గ పెట్టిన, గ ఉన్న కాడ క పెట్టిన. డ ను ల ను అటిటు చేసిన. కొట్టి చూస్తే, అబ్బ! నీళ్ల లెక్క పోతున్నది పని. ఇప్పుడు కూడ చెప్తున్న, ఎన్ని తిట్లు తిన్నా చెప్తున్న, గ ఉండాల్సిన జాగ గదే.

తప్పు ఏడ జరిగిందంటే, సేవ్ చేసిన కాడ. డీటీపీ పనిల మాకొక పట్టింపు ఉన్నది. కార్డుల తప్పు దిద్దితే అదే పేరు మీద సేవ్ చెయ్యాలె. కొత్త పేరు పెట్టొద్దు. రెండు ఫైళ్లు ఉన్నయంటే పాతదే ప్రింట్‌కు పోతది, ముహూర్తం తప్పు పడుతది, పెండ్లోళ్లు వచ్చి షాపు మీద పడుతరు. పనికొచ్చిన కొత్తల నేను నేర్చుకున్న మొదటి పాఠం గది. చెయ్యి దానంతట అదే చేసింది. 'మన మీటలు' అన్న పేరు మీదనే సేవ్ కొట్టిన.

మౌనికకు చెప్పాలె కదా అంటరా? చెప్దామనుకున్న. మరునాటి సంది పెండ్లి కార్డులల మునిగిన. రెండు మూడు దినాలల నా వేళ్లకు అలవాటైంది. అలవాటైనంక మార్చిన సంగతే మతిల లేదు. కీబోర్డు ముందుగాల నుంచి గట్లనే పుట్టినట్టు అనిపించింది.

టెంటు కాడ చూపెట్టే దినం బంద్. బస్సులు లేవు. మౌనిక జగిత్యాల నుంచి ఒక దోస్తు బండి మీద వస్తున్నది. నడుమల ఫోన్ చేసింది.

"అమ్మా, లేటయితున్నది. నీ కంప్యూటర్ల ఉన్న ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌ల ఎక్కించు. నేను సీదా టెంటు కాడికే వస్త. అందరి లాప్‌టాప్‌లల ఒక్కటే కాపీ ఎక్కాలె. వాళ్ల దగ్గర పాతయి ఉన్నా తీసేయమను. తేడా రావద్దు."

"నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా" అన్న.

తేడా రాకుంట చూసిన. అందరికి ఒక్కటే కాపీ ఎక్కించిన. నాది!

టెంటు కింద మస్తు మంది ఉన్నరు. టీచర్ల జేఏసీ ఒక బ్యానర్ కట్టింది, వకీళ్లు ఒకటి, ఆటోవాళ్లు ఒకటి, నేతన్నలు ఒకటి. ఎవరి బ్యానర్ వాళ్లదే. కింద పరిచిన దరి మాత్రం ఒక్కటే, అందరు దాని మీదనే కూసున్నరు. కేబుల్ ఆయన పెద్ద టీవీ తెచ్చి పెట్టిండు. ప్రవీణ్ గుంపు ఒక దిక్కు, శ్రీధర్ గుంపు ఒక దిక్కు. మౌనిక నడుమ. ఎండల పడి వచ్చిందేమో, ముఖమంత ఎర్రగైంది. కని నవ్వుతున్నది. గంత సంబురంగ నవ్వంగ చూసి ఎన్నేండ్లైందో.

నర్సయ్య సారు మైక్ పట్టుకున్నడు. "రాష్ట్రం వేరు పడాలని మనం టెంటేసుకున్నం. గీ పిల్లలు చూడుండ్రి, కలుద్దమని మన టెంటు కిందికే వచ్చిండ్రు!" అన్నడు. అందరు నవ్విండ్రు, చప్పట్లు కొట్టిండ్రు.

"ఇగ కొట్టు తమ్మీ. ముందుగాల జై తెలంగాణ అని కొట్టు."

ప్రవీణ్ కొట్టిండు. చూడకుంట కొట్టిండు, స్టైల్‌గ. టీవీల ఇంతింత లావు అక్షరాలు పడ్డయి.

జై తెడంకాణ.

ఒక్క నిమిషం ఎవరికి సమజ్ కాలె. ఎనుక నుంచి ఎవరో అన్నరు, "గదేం రాష్ట్రమురా? గది మాకొద్దు!"

ప్రవీణ్ చెమట తుడుచుకొని మళ్ల కొట్టిండు. మళ్ల గదే పడ్డది. శ్రీధర్ లేచిండు. "జరుగు. నేను కొడుత" అని కూసోని, ధైర్యంగ వాళ్ల ఊరి పేరు కొట్టిండు.

సిరిసిడ్డ.

"మా ఊరి పేరు పాడు చేసిండ్రు!" అని సిరిసిల్ల దిక్కోళ్లు లేచిండ్రు. ప్రవీణ్ పక్క లాప్‌టాప్‌ల జగిత్యాల కొడితే జకిత్యాడ అని పడ్డది. ఇగ ఎవరు ఆగుతరు?

"హల్లులు మీయి కదా? హల్లులల్లనే తప్పున్నది!"

"మేము ఇచ్చినప్పుడు మంచిగనే ఉండె. మీరు అచ్చులు కలిపేటప్పుడు చెడగొట్టిండ్రు!"

"మాకేం పని మీ క తోని?"

"మొదటి సంది మీకు కలుసుడే ఇష్టం లేదు. సిరిసిల్లోళ్లు చెప్పినట్టు ఇనాలె, గంతే మీకు!"

"జగిత్యాలోళ్లకు ఇంగ్లిషు లేనిదే తెలుగు రాదాయె!"

మౌనిక ఇటు చెయ్యి పట్టుకుంటది, అటు చెయ్యి పట్టుకుంటది. "ఆగుండ్రి, చూద్దాం ఆగుండ్రి" అంటున్నది. ఎవరు ఇంటలేరు. శ్రీధర్ లాప్‌టాప్ మూసి సంచిల పెట్టుకుంటున్నడు. నా బిడ్డ నవ్వు ఏడ పోయిందో ఏమో.

నేను టీవీ దిక్కు చూస్తున్న. తెడంకాణ. గ ఉండాల్సిన కాడ క. ల ఉండాల్సిన కాడ డ. మజ్జిగ గ్లాసు చేతుల నుంచి జారి దరి మీద పడ్డది.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. లేచి నిలవడి ఒక్కటే మాటన్న.

"కొట్లాడకుండ్రి. గది నేను చేసిన."

మైక్ కుయ్యిమన్నది.

"ఏం చేసిండ్రు ఆంటీ?" అన్నడు ప్రవీణ్.

చెప్పిన. వేలు గుంజుడు, క జరుపుడు, సేవ్ కొట్టుడు, అన్నీ చెప్పిన. గప్పుడు జరిగింది అసలు అద్భుతం! నెలల సంది నా బిడ్డ చెయ్యలేంది నేను ఒక్క నిమిషంల చేసిన. రెండు గుంపులు ఒక్కటైనయి. నా మీద!

"ఎవరిని అడిగి మార్చిండ్రు ఆంటీ?" అన్నడు శ్రీధర్.

"గట్లెట్ల మారుస్తరు ఆంటీ?" అన్నడు ప్రవీణ్. ఇద్దరు ఒక్క మాట మీద ఉండుడు గదే మొదటిసారి.

"మీరే కదా చెప్పింది, ఎవరినీ అడగద్దని?" అన్న.

"మీకు మీరు మార్చుకోవచ్చు ఆంటీ. అందరిది మార్చుడెట్ల?"

"మీరు రెండు గుంపులోళ్లు చేసిందేంది మరి?"

ప్రవీణ్ శ్రీధర్ దిక్కు చూసిండు, శ్రీధర్ ప్రవీణ్ దిక్కు చూసిండు. మౌనిక మాత్రం నా దిక్కు చూసి "అమ్మా!" అన్నది. గంతే. గంతకంటె తిట్టినా మంచిగుంటుండె.

ప్రవీణ్ ఫైలు విప్పి సరిచెయ్యబోయిండు. రెండు నిమిషాల పని. గప్పుడు నర్సయ్య సారు వచ్చి కూసున్నడు. చూసుకుంట చూసుకుంట, మెల్లగ ఒక కరపత్రం మొదటి వాక్యం కొట్టిండు.

"గ గీడ మంచిగనే ఉన్నది కదా? ఎందుకు తీసుడు?" అన్నడు.

శ్రీధర్ ఒకసారి కొట్టి చూసిండు. "గ అయితే బాగున్నది. ల వద్దు."

"ఏదీ వద్దు. ఒప్పందం ఎట్లుండెనో గట్లనే ఉండాలె" అన్నడు ప్రవీణ్.

"ల నే బాగున్నది" అని ఎనుక నుంచి ఒక టైపిస్టమ్మ.

చాయ వచ్చేసరికి నలుగురు నాలుగు దిక్కులైండ్రు. నా మీద కలిసిన ఐక్యత చాయ చల్లారేదాక కూడ ఉండలె.

నర్సయ్య సారు లేచిండు. "చూడమ్మా మౌనికా. మాకు గిన్ని జేఏసీలున్నయి. ఒకరంటే ఒకరికి పడది. అయినా ఒక్క టెంటు కింద ఎందుకు కూసుంటున్నం? ఎండ అందరికి ఒక్కటే కాబట్టి. మేము అడిగేది ఒక్కటే. మీకేమో ఒక్కొక్కరి వేలు ఒక్కొక్క కాడ నొస్తది. ఎవరి నొప్పికి వాళ్ల కాడనే మందున్నది. ఇగ కలువుమంటే ఎందుకు కలుస్తరు?"

సారు మంచి మాటనే అన్నడు. కని నా బిడ్డ ఇంటలేదు. సంచి భుజానికి ఏసుకొని ఎల్లిపోయింది.

ఇంటికొచ్చింది కని నాతోని మాట్లాడలె. అన్నం పెడితే తిన్నది. "ఇడిసిపెడుతవా?" అని అడుగుదమనుకున్న. ఇంకింత కూర వేసి ఊకున్న. ఆ దినం కరపత్రం చేతితోని రాసి జిరాక్స్ తీసి పంచిండ్రని తెలిసింది. సిగ్గుతోని షాపు సగం షట్టరు దించుకొని కూసున్న.

తర్వాత ఏమైందంటే, నాకు కూడ నమ్మబుద్ధి కాలె. జగిత్యాలోళ్లు వాళ్ల పాతదానికి పోయిండ్రు. సిరిసిల్లోళ్లు వాళ్లదాన్ల గ ఒక్కటి జరుపుకున్నరంట. టెంటు కాడ లాప్‌టాప్‌లల ఎక్కించింది తీసేటందుకు ఎవరికి తీరలె, నర్సయ్య సారు దాని మీదనే కొట్టుకుంటున్నడు. ఎవరినడిగిండో, మండలాలకు కూడ పంపిండు. మల్యాల నుంచి ఒక డీటీపీ ఆమె ఫోన్ చేసింది. "పద్మక్క కీబోర్డు మీదేనా అక్కా? పానం హాయిగున్నదక్కా!" అన్నది. పద్మక్కను నేనే. పేరు కూడ పెట్టేసిండ్రు! కలుపుతనని పోయిన దాన్ని, రెండును మూడు చేసి వచ్చిన.

గా ఫోన్ మౌనిక ముందటనే వచ్చింది. లేచి లోపలికి పోయింది. కని మరునాడు పొద్దుగాల షాపుకు వచ్చి, నా కుర్చీల కూసున్నది. సంచిల నుంచి ఏవో కాయితాలు తీసి కొట్టుడు మొదలుపెట్టింది. నేను ఎనుక నిలవడ్డ. ఒక పేజీ, ఇంకో పేజీ. ఆగుతలేదు.

"అమ్మా."

"ఆఁ."

"గ మంచిగున్నది."

పోయిన పానం తిరిగొచ్చింది. పిల్ల ఇడిసిపెట్టలె! కండ్లల నీళ్లు తిరిగినయి, కొంగుతోని తుడుచుకున్న.

"ణ ఒక్కటి ఉన్నది చూడు" అన్నది మెల్లగ. "అది కొంచెం పక్కకు రావాలె. ఇంకేం ముట్ట. జరుపనా?" అని ఫైలు విప్పింది.

"చెయ్యి తియ్" అన్న.

"ఒక్క అక్షరమే అమ్మా!"

"నా వేళ్లకు అలవాటైంది. ముట్టకు. నీకు కావాలంటే నీది నువ్వు వేరే చేసుకో."

నోట్లె నుంచి వచ్చినంక సమజైంది నేనేమన్ననో. మౌనిక నా దిక్కు తిరిగింది. నేను గోడ దిక్కు తిరిగిన. ముందుగాల ఎవరు నవ్విండ్రో తెల్వది, కని మా నవ్వు ఇని ఎదురుంగ ఉన్న కిరాణం ఆయన లేచొచ్చి ఏమైందని అడిగిండు.

ఇప్పుడు మా షాపుల కంప్యూటర్ ఒక్కటే, కీబోర్డులు రెండు. ఆమె వచ్చినప్పుడు ఆమెది, నేను కూసున్నప్పుడు నాది. తల్లీబిడ్డలను కలుపుతనని నర్సయ్య సారు రేపు వస్తనన్నడు. రానియ్యి, చాయ పోస్త. ఫైలు మాత్రం ఆయన చేతికి ఇచ్చేది లేదు.